ఈగ కింద గరుకు

మా ఇంట్లో గిన్నె మీద ఒక ఈగ ఉండేది. నిజం ఈగ కాదు, రంగుతో వేసిన ఈగ. గులాబీల గుత్తికి కాస్త ఎడంగా, అక్కడ తనకేం పనో తనకే తెలియనట్టు, రెక్కలు ముడుచుకుని కూర్చునేది. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూడగానే చెయ్యి విసిరి తోలేవారు. అది కదలదు కదా! అప్పుడు మా అన్నయ్య, ఆ ఈగని తనే సాకినట్టు, మీసాల్లో నవ్వుకునేవాడు.

నేను ఒక వేలంపాటల కంపెనీలో పింగాణీకి విలువ కట్టే మనిషిని. అందులోనూ నా వాటాకి వచ్చేది చైనా ఎగుమతి సరుకు. అంటే, ఒకప్పుడు చైనాలో తయారై, ఓడలెక్కి, ఐరోపా దొరల భోజనాల బల్లల మీదికి వెళ్ళిన పళ్ళేలూ గిన్నెలూ కూజాలూ. ఎవరింట్లో అటక మీద ఏ పాత పళ్ళెం దొరికినా అది ఆ సరుకేనని వాళ్ళ నమ్మకం. నాకేమో కోపం ముక్కు మీద ఉంటుంది. వెనకాల నన్ను మిరపకాయ అంటారని తెలుసు. అనుకోనీండి. రోజంతా అబద్ధాలు వినే మనిషికి ఆ మాత్రం ఘాటు లేకపోతే ఎలా? మొన్నొకాయన తన పళ్ళెం ముత్తాత కాలం నాటిదని ఒట్టు పెట్టి మరీ చెప్పాడు. బోర్లించి చూస్తే అడుగున మైక్రోవేవులో పెట్టవచ్చని రాసి ఉంది. "మీ ముత్తాతగారు భలే ముందుచూపున్న మనిషండీ" అన్నాను. అలిగి వెళ్ళిపోయాడు.

నా పద్ధతి ఒకటుంది. వస్తువు చేతికి రాగానే దాని కథ చెప్పేవాళ్ళని కాసేపు ఆగమంటాను. ముందు బరువు చూస్తాను. తర్వాత బోర్లిస్తాను. పైన ఎవరైనా సోకు చెయ్యగలరు, అడుగున అబద్ధమాడటం కష్టం. గిన్నె నిలబడే అంచుకి మెరుగుపూత ఉండదు, ఒట్టి మట్టి కనబడుతుంది. పాతదైతే ఆ మట్టి, పూత కలిసే చోట కాలిన నారింజ రంగులో సన్నటి గీత ఉంటుంది. ఆ తర్వాత కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని పూత చాయ చూస్తాను. ఆఖర్న కళ్ళు మూసుకుని బొమ్మల మీద వేలు నడిపిస్తాను. ఆ సరుకు మీది గులాబీ రంగుని పూత పైన మందంగా వేసి మళ్ళీ కాలుస్తారు, అందుకని ప్రతి రేకూ వేలికి తెలుస్తుంది.

కళ్ళు మూసుకోవడం చూసి కొత్తగా చేరినవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. ఆ విద్య నాకు ఏ చదువులోనూ అబ్బలేదు. మా వదిన ఒళ్ళో అబ్బింది.

చిన్నప్పుడు నాకు చూపు సరిగా ఉండేది కాదు. రెండు కళ్ళకీ పొరలు. వెలుగు తెలిసేది, మనిషి వస్తే మసకగా ఏదో కదిలేది, అంతే. అమ్మ నేను పుట్టిన కొన్నాళ్ళకే పోయింది. నాన్న ఒక పెద్ద హోటల్లో వడ్డనవాళ్ళందరి మీద పెద్దగా పనిచేసేవాడు. ఆ హోటలు మూసేసిన రోజు యజమాని, ఇన్నేళ్ళు నమ్మకంగా చేశావు, నీకిష్టమైంది ఒకటి తీసుకో అంటే, నాన్న ఈ గిన్నె తెచ్చుకున్నాడు. అన్నయ్య నాకంటే బాగా పెద్దవాడు. ఓడ మీద ఇంజను పని, ఇంటికి వస్తే పండగ, వెళ్ళాడంటే నెలలు. కాబట్టి నన్ను పెంచింది అన్నయ్య పెళ్ళాం, మా వదిన. అమ్మ ఒడి ఎలా ఉండేదో నాకు తెలియదు. నాకు ఒడి అంటే వదిన ఒడే.

వదిన ఇంట్లో బట్టలు కుట్టేది. నేను కాళ్ళకి అడ్డం పడకుండా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ గిన్నె నిండా బొత్తాలు పోసి ఇచ్చేది. మధ్యమధ్యలో కుట్టు ఆపి, నా వేలు పట్టుకుని గిన్నె చుట్టూ తిప్పేది. "ఇదిగో పువ్వు. ఇది ఆకు. ఇదేంటో చెప్పు? ఈగ!" ఈగ మీద వేలు పెడితే ఇసుక రేణువంత గరుకు గుచ్చుకునేది. గిన్నె అంతా వెన్నలా ఉండి అక్కడొక్కచోటే గరుకు. నా గుర్తు అదే. గిన్నెని ఎటు తిప్పి ఇచ్చినా ఈగని పట్టుకునేదాన్ని.

ఆ గరుకు సంగతి పెద్దయ్యాక తెలిసింది. బట్టీలో కాలేటప్పుడు ఏ రేణువో వచ్చి పడి పూతలో ఇరుక్కుంటుంది. అంత గిన్నెని పారెయ్యడానికి మనసొప్పదు. రంగులు వేసే మనిషి దాని మీద ఒక ఈగనో సీతాకోకచిలుకనో దిద్దేస్తాడు. అందుకే కొత్తవాళ్ళకి చెబుతాను, ఈగ కనబడితే ముచ్చటపడి ఊరుకోకండి, వేలు పెట్టి చూడండి అని. "మా ఇంట్లో ఉంది చూడండి ఒక గిన్నె..." అని గొప్పలు కూడా పోతాను.

నా కళ్ళు బాగుపడింది నాన్న పోయిన తర్వాత. అన్నయ్య అప్పుడు ఓడ మీద ఉన్నాడు. ఎవరో ధర్మాత్ములు పెట్టిన సంస్థ వాళ్ళు ఉచితంగా ఆపరేషన్ చేయించారని వదిన చెప్పింది. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చాను. గిన్నె అద్దాల బీరువాలో, చెక్కపీట మీద ఎత్తుగా ఉంది. అందులో మొట్టమొదట నాకు కనబడింది ఈగే. చెయ్యి విసిరి తోలాను. వదిన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఇక వేలుతో పనేముంది? కళ్ళొచ్చాయి కదా!

అన్నయ్య సెలవుకి వచ్చి, నన్ను చూసి మురిసిపోయి, గిన్నె కింద పీట చూసి ఇంకా మురిసిపోయాడు. నాన్న వస్తువుకి ఇన్నాళ్ళకి ఒక మర్యాద జరిగిందన్నాడు. ఆ రోజే బీరువాకి తాళం పడింది. ఉద్యోగం మానేసి ఇంటికొచ్చాక, ప్రతి ఆదివారం అన్నయ్య తాళం తీసి, పసుపురంగు మెత్తని గుడ్డతో దాన్ని తుడిచి, మళ్ళీ లోపల పెట్టేవాడు. ఎవరైనా చెయ్యి పెడితే ఒంటికాలి మీద లేచేవాడు. నాకు చూడాలనిపించినప్పుడల్లా వదిన అడ్డం పడేది. "ఆఫీసు చూపులు ఆఫీసులో చూసుకో, ఇంట్లోకి తేకు" అనేది. నిజమేననుకునేదాన్ని. జనం సామానంతా తిరగేసి చూసే నేను, మా గిన్నెని మాత్రం అద్దం ఇవతల నుంచే చూసి మహా తెలిసినట్టు మాట్లాడాను.

ఇక అసలు సంగతి. ఒక మధ్యాహ్నం అన్నయ్య చెప్పాపెట్టకుండా నా గదిలోకి వచ్చేశాడు. చంకలో దుప్పటి మూట, పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు. వెనకే వదిన. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బుడ్డీ, బల్ల ఖాళీ చెయ్యి" అన్నాడు అన్నయ్య. సోడాబుడ్డి కళ్ళద్దాలు వచ్చినప్పటి నుంచీ నా పేరు బుడ్డి. జుట్టు నెరిసినా అదే పేరు.

"ఇదేంటన్నయ్యా, దీన్ని బయటికి తీసుకొచ్చావ్?"

"అమ్ముతున్నా."

నేను నోరు వెళ్ళబెట్టాను. అన్నయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీ వదిన కుట్టు దుకాణం గది యజమాని అమ్మేస్తున్నాడు. మనం కొనుక్కోవాలి, లేదంటే నెలాఖరుకి మెషిన్లు వీధిలో పెట్టుకోవాలి. మీ వదినకి ఇప్పుడు ఇంకో గది, ఇంకో వీధి, కొత్త గిరాకీ... అయ్యే పనేనా? నా దగ్గరున్నదంతా ఊడ్చినా సగమే అయింది. మిగతా సగం ఇదిగో."

"నాన్న గిన్నె కదన్నయ్యా!"

"నాన్న ఉంటే నాకంటే ముందు ఆయనే ఎత్తుకొచ్చేవాడు. నేను నీళ్ళ మీద తిరుగుతూ ఉంటే ఇల్లూ, నువ్వూ, అన్నీ ఆవిడ ఒక్కత్తే లాక్కొచ్చింది. నేను ఆవిడకి చేసిందేంటి? వచ్చినప్పుడల్లా ఒక చీర, ఒక సెంటు సీసా. ఆ గదొక్కటైనా ఆవిడ పేరున పెట్టాలే."

"వద్దండీ అని పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నా" అంది వదిన. "ఇంట్లో కూర్చుని కుట్టుకుంటా. నాకేం తక్కువ? పదండి, పోదాం."

"నువ్వూరుకో. బుడ్డీ, చూడు. చూసి ఎంతొస్తుందో చెప్పు."

మా కంపెనీలో అయినవాళ్ళ సామానుకి నేను ధర రాయకూడదు. ముందు నేను చూసి, అదేమిటో చెప్పి, పక్క గదిలో ఉన్న మా పెద్దాయనకి అప్పజెప్పాలి. ఆయన చూపు నా చూపు కంటే వాడి. ఆ మాటే చెప్పాను. "సరే, ముందు నువ్వు చూడు" అన్నాడు అన్నయ్య, కాలు మీద కాలు వేసుకుని.

దుప్పటి విప్పి గిన్నెని రెండు చేతులా ఎత్తాను. ఎత్తగానే ఏదో తేడా కొట్టింది. అంత మొద్దు బరువు ఉండకూడదు. చిన్నప్పటి చేతులకీ ఇప్పటి చేతులకీ తేడా ఉండదా అని సర్దిచెప్పుకుని బోర్లించాను. అంచు గోధుమరంగులో ఉంది. కానీ ఆ రంగు మట్టిది కాదు, పులిమింది. టీ డికాక్షన్ పెట్టి రుద్దితే వచ్చే రంగు. నకలు చేసేవాళ్ళందరికీ తెలిసిన కిటుకే అది. నారింజ గీత ఎంత వెతికినా లేదు. కిటికీ దగ్గర పట్టుకుంటే పూత పాతవాటికుండే నీలిచాయ లేకుండా తెల్లగా, బజారు సామానులా కనబడింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవడో మా అన్నయ్యని నిలువునా ముంచాడు! బీరువా బాగుచెయ్యడానికి వచ్చినవాడా? ఇల్లు మారినప్పుడు సామాను మోసినవాడా? పట్టుకుని నాలుగు దులిపెయ్యాలన్నంత కోపంతో కళ్ళు మూసుకుని ఈగ మీద వేలు పెట్టాను.

నున్నగా ఉంది.

మళ్ళీ పెట్టాను. నున్నగానే ఉంది. కింద దాచాల్సిన మచ్చ లేనప్పుడు ఈగ వచ్చి అక్కడెందుకు కూర్చుంటుంది? దొంగ అయితే ఏదో ఒక పూల గిన్నె తెచ్చి పెట్టి పోతాడు. ఈ ఈగని, ఇదే చోట, ఇలాగే రెక్కలు ముడుచుకున్నట్టు వేశారంటే, మా గిన్నెని పక్కన పెట్టుకుని తీరిగ్గా చూసి వేశారన్నమాట. అంటే మా ఇంటివాళ్ళే ఎవరో ఇచ్చారు. ఎప్పుడు? పీట లేని గిన్నె నాకు గరుగ్గా తెలుసు. పీట ఎక్కిన గిన్నెని నేను ముట్టుకోనేలేదు. నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి...

కళ్ళు తెరిచి వదిన వైపు చూశాను. వదిన నన్ను చూడటం లేదు. చేతిసంచి పిడిని మెలిపెడుతూ తల దించుకుని కూర్చుంది. 

ఇంతలో గేటు దగ్గర వాచ్‌మన్ తలుపు తీసి, దారికి అడ్డంగా పెట్టిన కారు మీదేనా సార్ అన్నాడు. "అడ్డమేంటయ్యా, పక్కకే పెట్టానుగా!" అంటూ అన్నయ్య అతనితో వాదించుకుంటూ బయటికి వెళ్ళాడు.

"వదినా."

"ఊఁ."

"ఈగ కింద గరుకేది?"

వదిన నిట్టూర్చింది. "నీ వేలికి దొరికిపోతానని తెలుసు. అద్దం అవతల ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ బతికిపోయా."

"ఎప్పుడు?"

"నీ కళ్ళప్పుడు."

గిన్నెని బల్ల మీద దించాను. వదినే మెల్లగా చెప్పింది.

"డాక్టరు ఆగొద్దన్నాడు. ఇంకా ఆలస్యమైతే పొర తీసినా చూపు నిలబడదన్నాడు. మీ అన్నయ్య ఏ సముద్రంలో ఉన్నారో ఏమో. ఉత్తరం రాసినా ఆయనకి అందేదెప్పుడు, ఆయన డబ్బు సర్దేదెప్పుడు? ధర్మసంస్థా లేదు, ఏమీ లేదు. దీన్నే పట్టుకొచ్చా. ఇక్కడికే, ఈ కంపెనీకే. ఇప్పుడున్న పెద్దాయన కాదు, ఆయన కంటే ముందు ఒక ముసలాయన ఉండేవాడు."

"ఇక్కడికా!"

"నాకేం తెలుసు దాని విలువ? ఎంత చేతిలో పెడితే అంతకి దణ్ణం పెట్టి పోయేదాన్ని. ఆయనే అన్నాడు, అమ్మా, ఇది పెద్ద వస్తువు, ఈగ దగ్గర మచ్చ ఉన్నా సరే ఇది ఇంత పలుకుతుంది, ఒక్క పైసా తక్కువకి ఎవరికీ ఇవ్వకు అని. వేలంలో అంతే పలికింది. నీ రెండు కళ్ళకీ సరిపోయింది. ఆయన కాస్త నాలుక మడతేసి ఉంటే ఒక కన్నే అయ్యేదేమో. అందుకే నీ చదువయ్యాక, ఇక్కడికెళ్ళి ఉద్యోగం అడగవే, మంచివాళ్ళు అని నిన్ను తరిమా."

అవును, తరిమింది. నాకు గుర్తుంది. ఎందుకు ఇక్కడికే అని నేను విసుక్కోవడం కూడా గుర్తుంది.

"మరి ఇది?"

"విరిగిన సెట్లకి జోడీ పళ్ళేలు వేసిచ్చే అతను ఒకడుండేవాడు. ఒట్టి తెల్ల గిన్నె తెచ్చి, మనదాన్ని ఎదురుగా పెట్టుకుని వేశాడు. కాస్త పొట్టిదే దొరికింది, అందుకని కింద పీట కొట్టించా. మచ్చ లేనిదానికి ఈగ ఎందుకమ్మా, నేను వెయ్యనన్నాడు. నేనే పట్టుబట్టా. పిల్ల కళ్ళు తెరుచుకుని వచ్చి నా ఈగేదీ అంటే నేనేం చెప్పను?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది, అదొక జబ్బు. "ఒక్క మాట నాతో అనలేదేంటి వదినా? పెద్దదాన్నయ్యాక కూడా!" అని గయ్యిమన్నాను.

"అని ఏం చెయ్యను? నీ నెత్తిన బరువు పెట్టడానికా కళ్ళు తెప్పించింది?"

"ఇప్పుడేం చేద్దాం? పోనీ, దీనికి గిరాకీ లేదని చెప్పి పంపించేస్తా. ఇది నకలని నా నోటితో చెప్పకుండా..."

"వద్దు" అంది వదిన. గొంతు పెంచలేదు గానీ గట్టిగా అంది. "ఈ బల్ల మీద ఒకాయన నాకు నిజం చెప్పాడు. దాని మీద నువ్వు అబద్ధం ఆడకు. చూసింది నువ్వు చెప్పు. చేసింది నేను చెబుతా."

అన్నయ్య తాళంచెవి గిరగిరా తిప్పుకుంటూ వచ్చేశాడు. "ఊఁ, ఎంతట?"

నేను నీళ్ళు నమిలాను. మిరపకాయ నీళ్ళు నమలడం ఆ ఆఫీసు గోడలు ఎప్పుడూ చూసి ఉండవు. చివరికి అనేశాను.

"అన్నయ్యా, ఇది నకలు."

అన్నయ్య నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. "నాన్న నకలు గిన్నె తెచ్చుకున్నాడంటావా?"

"నాన్నది అసలుదే. ఇది నాన్నది కాదు."

అన్నయ్య మొహం కందగడ్డలా అయింది. "మరి నాన్నదేదీ? ఎవడు తీశాడు?"

వదిన లేచి నిలబడింది. "నేనేనండీ. అమ్మేశా. దీని కళ్ళకి."

 అన్నయ్య వదినని చూశాడు, నన్ను చూశాడు, గిన్నెని చూశాడు. తర్వాత అడిగిన మాట దెబ్బ తగిలినవాడి మాటలా ఉంది. "నాకు చెప్పలేదేం? నేను వద్దనేవాణ్ణా?"

"ఎందుకంటారు? మీరే ముందు అమ్మేవారు. ఆ సంగతి నాకు తెలియదా!" అంది వదిన. "మామయ్యగారి ఆఖరి చూపుకి కూడా మీరు అందలేదు. ఓడ దిగి ఇంటికొచ్చి, ఆ గిన్నె పట్టుకుని ఎంత ఏడ్చారో నేను చూశాను. మళ్ళీ వచ్చేసరికి అది కూడా లేదంటే మీరేమైపోతారో అనిపించింది. పిల్లకి కళ్ళు కావాలి. మీకు గిన్నె ఉండాలి. రెండూ కావాలనుకున్నా. అత్యాశే."

అన్నయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. వదిన చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  ఇంతకాలపు కాపురం నా బల్ల మీద పగిలిపోతుందా అని భయం వేసింది.

ఉన్నట్టుండి అన్నయ్య ఇటు తిరిగాడు.

"అయితే ఇన్నేళ్ళుగా, ప్రతి ఆదివారం, నాచేత ఈ నకలు గిన్నెని తుడిపించావా?"

"వద్దని ఎన్నిసార్లు చెప్పలేదండీ!"

"తిన్న కంచం తియ్యమంటే తియ్యనివాణ్ణి! దీన్ని తుడిచానే! దీనితో కబుర్లు కూడా చెప్పానే, నాన్నా అని!" అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూనే వదిన దగ్గరికి వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని వాటికి మొహం ఆనించాడు. మా అన్నయ్య అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.  

నా కళ్ళద్దాలు మసకేసి ఏమీ కనబడకుండా పోయాయి. ముక్కు ఎగబీలుస్తూ ఉంటే అన్నయ్య విన్నాడు.

"ఇటివ్వు" అని నా కళ్ళద్దాలు లాక్కున్నాడు. జేబులోంచి పసుపురంగు గుడ్డ తీశాడు. గిన్నెని చివరిసారి తుడుద్దామని తెచ్చుకున్నాడట. ఆదివారం గిన్నెని ఎలా తుడిచేవాడో అలాగే, ఆవిరి ఊది, గుండ్రంగా, మెల్లమెల్లగా రెండు అద్దాలూ తుడిచాడు. కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. "అసలు సరుకు ఇక్కడుంటే నేను అక్కడ తుడుస్తూ కూర్చున్నా" అని నా ముక్కు మీద పెట్టాడు.

ముందు కనబడింది వదిన మొహం. ఆ మొహాన్ని నేను రోజూ చూశాను. చూడగలగడం ఎవరి పుణ్యమో తెలిసి చూడటం మాత్రం అదే మొదలు. వదినా, నీ వల్ల చూస్తున్నాను, అన్నాను. ఇంకా ఏదో అనబోయి వెక్కాను.

"చాల్లే, ముక్కు తుడుచుకో" అంది వదిన.

"గది సంగతి నేను చూసుకుంటా. మిగతా సగం నాది" అన్నాను.

"నీ సొమ్ము నేను ముట్టుకోను. నీ కళ్ళు నేను అమ్ముకున్నట్టుంటుంది."

అంతే, నాకు మళ్ళీ తిక్క రేగింది. "బాకీ తీరుస్తున్నా అనుకుంటున్నావా? అది తీరేదేనా? జన్మంతా తీర్చినా తీరుతుందా? నాకు నీకివ్వాలని ఉంది, ఇస్తున్నా! నన్ను అడిగి నాకు కళ్ళు తెప్పించావా? నేనూ నిన్ను అడగను! నోరు మూసుకుని తీసుకో!"

ఆ అరుపుకి పక్క గది తలుపు తెరుచుకుంది. మా పెద్దాయన తల లోపలికి పెట్టాడు. "ఏమ్మా, మళ్ళీ వచ్చినవాళ్ళతో గొడవా?"

"వచ్చినవాళ్ళు కాదండీ, మావాళ్ళు."

"ఓహో, అయితే కానివ్వండి" అంటూ ఆయన బల్ల దగ్గరికి వచ్చి, గిన్నె వైపు వంగి, చెయ్యి విసిరి ఈగని తోలాడు.

పింగాణీలో ఆయనంత చూపున్న మనిషి లేడని పేరు! ముందు వదిన ఫక్కుమంది, తర్వాత అన్నయ్య. ఆయన వెర్రిమొహం వేసుకుని, వేలితో ఈగని తడిమి, "ఇదేంటి, కింద ఏమీ లేదే?" అన్నాడు. "లేదండీ, ఇది ధర కట్టే సరుకు కాదు, ఇంటికి తీసుకుపోతున్నాం" అన్నాను.

ఇప్పుడు ఆ గది వదిన పేరున ఉంది. గిన్నె కూడా అక్కడే, కోత బల్ల మీద ఉంది. పీట తీసేశాం. నిండా బొత్తాలు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఈగని తోలుతూనే ఉంటారు. వేలంలో అమ్ముడైన మా గిన్నె ఇప్పుడు ఏ దేశంలో ఎవరి బల్ల మీద ఉందో నాకు తెలియదు. దాన్ని కొన్నవాళ్ళెవరో గానీ, వాళ్ళు చల్లగా ఉండాలి. సరిగ్గా ధర చెప్పిన ఆ ముసలాయన ఫొటో ఒకటి మా ఆఫీసు మెట్ల దగ్గర వేలాడుతూ ఉంటుంది. ఇన్నేళ్ళూ దాని ముందు నుంచే దడదడా దిగిపోయేదాన్ని. ఇప్పుడు ఒక్క క్షణం ఆగి దిగుతున్నాను.

ఆదివారాలు నేనూ దుకాణానికి వెళ్ళి కూర్చుంటాను. అన్నయ్య రాగానే నా కళ్ళద్దాలు లాక్కుని తుడిచిపెడతాడు. మొన్న వదిన సూదిని వెలుతురుకేసి పట్టి, దారం కొసని నాలికతో తడిపి, మళ్ళీ మళ్ళీ గురి తప్పింది. వయసు మీద పడింది, కళ్ళు ఆనడం లేదు. విసుగ్గా సూదీ దారం నా ముందుకి చాపింది.

"నువ్వెక్కించవే, బుడ్డీ."

కళ్ళద్దాలు సర్దుకుని సూది అందుకున్నాను. ఒక్కసారికే ఎక్కింది.